ఆగిన కుందేలు

జూన్ వానలు పట్టుకుని వారమైంది. జపాన్‌లోని సకాయ్ ఊళ్ళో ఓ పాత అపార్ట్‌మెంట్ల మూడో అంతస్తులో, ఇంట్లోనే ఆరేసిన బట్టల కింద వంగి వంగి నడుస్తున్నారు రిత్సుకో, ఆమె మొగుడు మసనోరి. అసలు నడవడానికి ఉన్న చోటే తక్కువ. వాళ్ళ రెండు గదుల్లో ఒకటి పూర్తిగా పాత వీడియో గేములదే. గోడ పొడవునా క్యాసెట్లు, పసుపెక్కిన ప్లాస్టిక్ యంత్రాలు, చుట్టలు చుట్టిన తీగలు. క్యాసెట్ల వెనక ఏ పిల్లలో నలభై ఏళ్ళ కిందట మార్కరుతో వంకరటింకరగా రాసుకున్న పేర్లు.

"ఊళ్ళోవాళ్ళ బాల్యాలన్నీ అద్దె కట్టకుండా మన ఇంట్లో కాపురం చేస్తున్నాయి" అనేది రిత్సుకో. సూపర్‌మార్కెట్లో చేపలు కోసే మనిషి. కత్తి ఇంటికి తెచ్చుకోదు గానీ, నోరు తెచ్చుకుంటుంది.

అలాగని ఆ ఆటల పిచ్చి మొగుడొక్కడిదే కాదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆదివారం మధ్యాహ్నాలన్నీ వాటిలో ఒక ఎర్రతెలుపు గేమ్ యంత్రం ముందే గడిచాయి. దాని కంట్రోలర్ల తీగలు ఊడి రావు, పొడుగూ ఉండవు. మొగుడూ పెళ్ళాం భుజాలు రాసుకుని కూర్చోవాల్సిందే. మొదటి కంట్రోలర్ మసనోరిది. రెండోది రిత్సుకోది. ఆ రెండోదాన్లో చిన్న మైకు ఉంటుంది. అందులో మాట్లాడితే మాట టీవీలోంచి బయటికొస్తుంది. సైకిళ్ళ విడిభాగాల ఫ్యాక్టరీలో పగలంతా చెవులు హోరెత్తిపోయే మసనోరిని ఆమె అందులోంచే తిట్టేది.

వాళ్ళకిష్టమైన ఆటలో రెండు కుందేళ్ళు కొండెక్కాలి. ఒకటి తొందరపడి పైకెళ్ళిపోతే తెర పైకి జరిగి, కింద మిగిలింది చస్తుంది. రిత్సుకో కుందేలు ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ ఆగలేదు.

"మొగుణ్ణి చంపి ఏ శిఖరమెక్కుతావే?" అనేవాడు మసనోరి.

"కాళ్ళున్న మొగుడైతే వెనకే వస్తాడు" అనేది ఆమె.

ఈ ఏడు ఫిబ్రవరిలో అల్మరా మీది పెట్టె ఒకటి ఆమె కాలి మీద పడింది. బొటనవేలి గోరు ఊడింది. "ఈ ఇంట్లో రెండో మనిషికి చోటు లేదు. నువ్వూ నీ డబ్బాలూ కలిసి ఏలుకోండి" అని సంచి సర్దుకుని నారాలో ఉన్న అక్క ఇంటికి వెళ్ళిపోయింది. ఫోను చెయ్యలేదు. అతనూ చెయ్యలేదు. ఏప్రిల్ ఆఖర్లో పంతం ఆమెదే సడలింది. ఓ సాయంత్రం వచ్చి బెల్లు కొట్టింది.

మసనోరి తలుపు తీశాడు. ఆశ్చర్యపోలేదు. "ఇంత ఆలస్యమేం? చారు చల్లారిపోతోంది" అని లోపలికి వెళ్ళిపోయాడు. బల్ల మీద రెండు గిన్నెలు, మీసో అనే పులిసిన సోయా ముద్దతో కాచిన గుల్లల చారు, పొగలు కక్కుతూ. ఒక్క ఎత్తిపొడుపు లేదు. ఇన్నాళ్ళూ నాకూ ఒక గిన్నె పెట్టి ఎదురుచూశాడు గదా అని, స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది రిత్సుకో. గుడ్డు ఉడకబెట్టడం రాని మనిషి చారు ఎప్పుడు నేర్చాడన్న ఆలోచన ఆమెకి రాలేదు. ఆకలిగా ఉంది. సిగ్గుగానూ ఉంది.

ఇదంతా మనసులో మెదులుతుండగానే ఈ జూన్ ఆదివారం రిత్సుకో వంటింట్లో దోసకాయ తరుగుతోంది. మధ్యాహ్నం మూడింటికే చీకటి పడ్డట్టుంది. తడి బట్టల ముక్కవాసన. పక్క గదిలో టీవీలోంచి కుందేళ్ళ ఆట సంగీతం. మసనోరి నవ్వులు.

"ఎవరితోనయ్యా ఆ ఇకిలింపులు?" అని కేకేసింది.

"నీతోనే."

"నేనిక్కడ దోసకాయతో ఉన్నాను."

తర్వాత చాలా ముద్దుగా అన్నాడు. "ఈ మధ్య ఎంత బాగా ఆడుతున్నావో. నా కోసం ఆగుతున్నావు."

రిత్సుకో కత్తి కింద పెట్టింది.

గదిలో అతనొక్కడే, చాప మీద. పక్కన ఆమె కూర్చునే దిండు. దాని మీద రెండో కంట్రోలర్, ఎవరి చేతిలోనూ లేకుండా. తెర మీద మొదటి కుందేలు కింది మెట్టు మీద తడబడుతోంది. రెండోది పై మెట్టు మీద ఉంది. చెవులు కదుపుతూ, వెనక్కి తిరిగి...

ఆగి ఉంది.

ఆమె దిండు మీద కూర్చోబోయి, ఎందుకో పక్కన నేల మీద కూలబడింది. టీవీలోంచి సన్నగా ఏదో చప్పుడు. వాన అనుకుంది. కంట్రోలర్ తీసుకుని మైకు మీట పైకి జరిపింది. చప్పుడు పెరిగింది. ఊపిరి. తీసుకోవడం... వదలడం. తనదేనేమో అని ఊపిరి బిగబట్టింది. ఒకటి. రెండు. మూడు.

ఊపిరి ఆడుతూనే ఉంది.

"మైకులో దుమ్ము" అన్నాడు మసనోరి. ఆమె కళ్ళలోకి చూడలేదు.

"ఇరవై రెండేళ్ళు నాతో అబద్ధమాడ్డం నేర్చుకోలేకపోయావు. ఇప్పుడు కొత్తగా మొదలెట్టకు. చెప్పు."

అతను గొంతు తగ్గించాడు. "నువ్వెళ్ళాక ఇల్లు మరీ బావురుమంది. రోజూ సాయంత్రం ఆ మైకులో పిలిచేవాణ్ణి. రిత్సుకో, వచ్చి కూర్చో, నీ చోటు ఖాళీగా ఉంది... అని. టీవీలోంచి నా గొంతే వచ్చేది. అదైనా ఒక మనిషి గొంతు కదా."

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది? వచ్చేశావుగా."

"ఏప్రిల్ ఆఖర్న."

"మార్చిలో" అన్నాడతను, నవ్వుతూ. "మర్చిపోయావా? చెర్రీ పూలు చూడ్డానికి నది గట్టుకి కూడా వెళ్ళాం. చేపలు వేయించి డబ్బాలు కట్టావు. నాకు ముళ్ళు కూడా తీసి పెట్టావు."

చెర్రీ పూలు పూసి రాలిన రోజులన్నీ ఆమె నారాలో అక్క ఇంట్లోనే ఉంది. ఇరవై రెండేళ్ళలో ఎవరికీ ముళ్ళు తీసి పెట్టలేదు.

ఫోను తీసి చూపించాడు. గట్టు మీద పరిచిన నీలం పట్టా. రెండు భోజనం డబ్బాలు, రెండూ ఖాళీ. మసనోరి బూట్లు. పట్టా అంతా తెల్లగా, గులాబీగా రాలిన రేకులు. ఒక్క చోట మాత్రం ఒక్క రేకూ లేదు. మనిషి మోకాళ్ళు మడిచి కూర్చుంటే ఎంత మేర పడుతుందో, అంత మేర.

"మరి ఏప్రిల్లో... సంచితో గుమ్మంలో నిలబడ్డాను కదా, అప్పుడేమనుకున్నావు?"

"చెత్త పడెయ్యడానికి కిందికెళ్ళావుగా. చేతిలో సంచి ఎందుకా అనుకున్నాను" అన్నాడు మసనోరి. అంటూ ఉండగానే అతని నవ్వు ఆగిపోయింది.

రిత్సుకోకి మెట్లు గుర్తొచ్చాయి. ఆ సాయంత్రం రెండో అంతస్తు మలుపులో దీపం లేదు. చెత్త సంచితో ఎవరో దిగుతూ గోడకి ఒదిగి, తల వంచి దారిచ్చారు. తనూ తల వంచింది. మొహం చూడలేదు. వాళ్ళ ఒంటి మీద మీసో వాసన.

"లే" అంది గుసగుసగా. "అక్క ఇంటికి పోదాం. ఇప్పుడే."

మసనోరి తెర వైపు చూశాడు. పై మెట్టు మీద ఆ కుందేలు ఇంకా అలాగే ఉంది.

"ఒక్క నిమిషం..." అన్నాడు. "ఆగింది కదా, పాపం."

ఆ 'పాపం' ఆమె గుండెలో ముల్లులా దిగింది. భయం కన్నా ముందు ఒళ్ళు మండింది. మైకు నోటి దగ్గర పెట్టుకుంది. "ఎవతివే నువ్వు? ఆ చోటు నాది. నోరున్నా, గయ్యాళిదాన్నైనా నాది. అతని కోసం ఆగినా ఆగకపోయినా ఆ చోటు నాదే. లే అక్కణ్ణుంచి!"

ఆమె గొంతు టీవీలో గరగరలాడి ఆగింది. ఊపిరి కూడా ఆగింది. దిండు మధ్యలో ఎవరో కూర్చున్నట్టున్న పల్లం... మెల్లగా పైకి లేచింది.

రిత్సుకో గోడలోంచి ప్లగ్గు పీకేసింది. తెర నల్లబడింది. మొగుడి చొక్కా పట్టుకుని, బట్టల కిందుగా ఈడ్చుకుంటూ, బూట్లు తొడుక్కోనివ్వకుండా గుమ్మం దాటించింది. తలుపు వేసి తాళం తిప్పింది.

వరండాలో వాన చినుకులు మొహాన కొడుతున్నాయి. మసనోరి చిన్నపిల్లాడిలా ఉత్తి కాళ్ళతో నిలబడ్డాడు. ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. అతనూ పట్టుకున్నాడు.

"అది పోయింది కదూ?" అన్నాడు.

"పోక ఛస్తుందా? నా నోటికి చేపల కొట్లో మేనేజరే పారిపోతాడు" అంది. తన గొంతు తనకే నమ్మశక్యంగా లేదు.

అప్పుడు లోపల చప్పుడైంది.

సరసర... టక్.

తలుపుకి లోపలి గొలుసు పడింది.

తలుపు సందులోంచి వేడివేడిగా వాసన. గుల్లల చారు. ఆమె ఆ రోజు పొయ్యి వెలిగించనే లేదు.

తలుపుకి అవతల, చాలా దగ్గరగా, ఎవరో గొంతు సవరించుకున్నారు. తర్వాత రిత్సుకో గొంతే. కానీ ఇరవై రెండేళ్ళలో రిత్సుకో ఎప్పుడూ పలకనంత మెత్తగా...

"ఆలస్యం చెయ్యకు. చారు చల్లారిపోతుంది. నేను ఆగుతాలే."

"ఊఁ... వచ్చేస్తున్నా" అన్నాడు మసనోరి, అలవాటుగా.

ఆమె పిడికిట్లో అతని వేళ్ళు ఒక్కొక్కటీ వదులయ్యాయి.