డొల్ల దగ్గర చప్పుడు

ఆ గోడ కట్టినవాడెవడో గానీ వాడి చెయ్యి విరగ! షవరు కింద గోడకి బద్ద ఆనిస్తే మధ్యలో రెండు వేళ్లు దూరేంత పల్లం, పైన పొట్ట. అలాంటి గోడ మీద టైలు ఎలా కూర్చుంటుంది? బ్రాడీపేటలో పాత మేడ, పై అంతస్తు. టీచరుగా చేసి రిటైరైన నసీమున్నీసా గారొక్కరే ఉంటారు.

"ఎన్ని రోజులు పడుతుంది, యలమంద గారూ?" అన్నారు.

"ముందు గోడ సాపు కావాలమ్మా. తొందరపెడితే మాత్రం నా వల్ల కాదు."

తొందర సంగతి నాకు తెలుసు. పాత పూతని మెటికలతో కొట్టి చూడాలి. డొల్లగా మోగినచోట ఉలితో రాల్చి, తడిపి, సిమెంటు మాలు పల్చగా ఎత్తాలి. అది ఆరాక మళ్లీ ఎత్తాలి. కొట్టి చూడటం మా ఆవిడ కోటిరత్నం పని. ఇరవై ఏళ్లు ఆమె కొట్టింది, నేను సుద్దతో గీశాను.

నిరుడు పిడుగురాళ్లలో ఒక ఇంట్లో, "ఇక్కడ డొల్లగా ఉందయ్యో, రాల్చెయ్" అంది. "నీ సొద ఆపి మాలు అందించవే" అన్నాను. ఒక్కరోజులోనే మందంగా మెత్తి టైళ్లు అంటించేశాను. మర్నాడు ఆమె కింద కూర్చుని సందులు పూడుస్తుంటే గోడ పూతంతా టైళ్లతో సహా ఊడి మీద పడింది. ఆసుపత్రి దాకా కూడా దక్కలేదు. చెప్పింది కదా... నేనే వినలేదు.

నసీమున్నీసా గారింట్లో మొదటిరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. వెంటిలేటరు లోంచి కాస్త వెలుతురు, తడి సిమెంటు వాసన. అందులోంచి మెల్లిగా ఇంకో వాసన... కోటిరత్నం నమిలే పొగాకు.

టక్... టక్.

గోడలోంచి. ఆ గోడకి అవతల ఏమీ లేదు, ఉత్త గాలి. చప్పుడైనచోట ఉలి పెట్టాను. డొల్లే!

"రత్నం..?" అన్నాను.

టక్... టక్. ఈసారి జానెడు పక్కన.

భయం వేసింది, కాదనను. అయినా ఏడుస్తూనే నవ్వుకున్నాను. మూడురోజులు ఆమె కొట్టింది, నేను గీశాను.

నాలుగో రోజుకి ఒక్క డొల్ల మిగిలింది, షవరు పైపుకి పైన. అది కూడా పూడిస్తే ఇక ఆమె కొట్టడానికి ఏముంది? వెళ్లిపోతుంది. నాకు చేతులు రాలేదు. దాని మీదే టైలు అంటించేశాను. "ఉండవే, ఇక్కడే ఉండు" అని గొణిగాను. ఏదో ఒక వంకన వచ్చి వింటూ ఉండొచ్చని ఆశ.

గోడని వారం ఆరనిమ్మన్నాను. వారం తర్వాత పొద్దున్నే ఫోను.

"యలమంద గారూ... స్నానానికి వెళ్తే గోడలోంచి చప్పుడండీ. షవరు కింద నిలబడితే చాలు, మొదలవుతోంది."

"మెల్లగానా అమ్మా?"

"లేదండీ... బాదుతోంది."

ఆమె నా కోసం రాలేదు. ఆవేళ చెప్పిందే చెబుతోంది. రెండోసారీ వినలేదు నేను, వెధవని!

"బయటికి రండమ్మా! మళ్లీ అందులోకి పోవద్దు!"

నేను వెళ్లేసరికి నసీమున్నీసా గారు వరండాలో నిలబడి ఉన్నారు. లోపల చప్పుడు లేదు. ఉలి ఆనించానో లేదో, పైపు పైన టైలు ఊడి చేతిలోకి వచ్చింది. వెంటనే చుట్టూ టైళ్లు, పూత ఒక్కసారిగా జారి కింద పడ్డాయి. సరిగ్గా మనిషి నిలబడేచోట.

"అయిపోయింది రత్నం... రాలిపోయింది. ఇక నువ్వు వెళ్లు." ఆ మాట అంటుంటే నా ప్రాణం పోయినట్టే ఉంది.

చేతిలో టైలు తిప్పి చూశాను. వెనక మాలు రాయిలా బిగిసిపోయింది. అందులో గోడవైపు నుంచి గుద్దిన నాలుగు మెటికల గుంటలు. లోతుగా. గుంటల్లో రక్తం.

ముట్టుకున్నాను... వెచ్చగా ఉంది.