ఎత్తివేయని నిశ్శబ్దం

ఆ సాయంత్రం విమానాశ్రయం టవర్లో, విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ నిద్రపోయాడని ఊరంతా చెప్పుకుంటారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఆధారాల ముందు నిలవదు. కునికిపాట్లు పడే మనిషి గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా లాగ్‌బుక్ రాయలేడు. ఆ పుస్తకం ఇప్పుడు ఆయన కూతురి దగ్గర ఉంది. ఆమెదీ అదే ఉద్యోగం, అదే కుర్చీ.

1991 నవంబరు 9. నాలుగూ ఐదుకు ఒక చిన్న విమానం దిగడానికి అనుమతి కోరింది. అందులో పైలట్ ఒక్కడే. నాలుగూ పదికి, ఇంజన్లో పొగతో దారి మళ్లిన ప్రయాణికుల విమానం పిలిచింది. మొదట "పాన్-పాన్" అంది. అంటే తొందర ఉంది, ప్రాణభయం ఇంకా లేదు. మరు నిమిషంలోనే "మేడే" అంది. అంటే ప్రాణాల మీదికి వచ్చింది. అప్పుడు మిగతా పైలట్లెవరూ నోరెత్తకూడదని కంట్రోలర్ ఆజ్ఞ వేస్తాడు. ఎత్తివేస్తున్నానని తానే చెప్పేదాకా అది చెల్లుతుంది. ఆయనా ఆ ఆజ్ఞ వేశాడు. నాలుగూ ఇరవై మూడుకు ఆ విమానం దిగింది. నూట పద్దెనిమిది మందీ క్షేమం. నిశ్శబ్దం ఎత్తివేసినట్టు మాత్రం పుస్తకంలో లేదు. చిన్న విమానం మళ్లీ ఎవరికీ కనబడలేదు.

"ఒక్క మాట మరిచిపోయానే, పిచ్చుకా" అని కూతురితో అంటూనే ఆయన 2018 వేసవిలో పోయాడు. ఇంట్లో ఎవరైనా మౌనంగా కూర్చుంటే ఓర్చుకోలేకపోయేవాడు. "చెప్పండి, చెప్పండి" అని తొందరపెట్టేవాడు.

ఆ ఏడాది నవంబరులోనే పాత టవర్‌కు చివరి రోజు వచ్చింది. అద్దాల చుట్టూ పొగమంచు.

"ఏమ్మా, కుర్చీ కూడా మూట కట్టుకుపోతావా?" అన్నాడు వైర్లు చుట్టుకుంటున్న ముసలి టెక్నీషియన్.

"మీరు పదండి బాబాయ్. ఐదింటికి తాళం వేసుకుని వస్తా."

మెట్ల మీద అడుగుల చప్పుడు సన్నగిల్లింది. తడిసిన ఇనుము వాసన. ఇక ఆమె ఒక్కతే.

టిక్.

ఎక్కడో ఎవరో మైకు బటన్ నొక్కి వదిలిన చప్పుడు స్పీకర్లో. మాట లేదు. మళ్లీ టిక్... నీళ్లలోంచి వస్తున్నట్టు ఊపిరి.

ఆమె ఫోన్ తీసింది. "బాబాయ్, పాత ఫ్రీక్వెన్సీలో ఎవరో..."

"దాని తీగ పొద్దున్నే కోసేశానమ్మా. ముక్క నా జేబులోనే ఉంది."

టిక్...

ఆమెకు అర్థమైంది. ఆజ్ఞ ఇంకా అమల్లోనే ఉంది. నాన్న బాకీ పెట్టి వెళ్లిన మాట అది. మైకు అందుకుంది.

"అత్యవసర స్థితి ముగిసింది. నిశ్శబ్దం ఎత్తివేస్తున్నాను. మాట్లాడండి."

ఆమె మైకు బటన్ వదిలింది.

"అమ్మయ్య..." లేత గొంతు గుసగుసలాడింది. "దిగమంటారా?"

ఆపదలో ఉన్న ప్రతి విమానాన్నీ అడిగే ప్రశ్న అలవాటుగా ఆమె నోట్లోంచి జారింది. "లోపల ఎంతమంది?"

"ఎక్కినప్పుడు ఒక్కణ్ణే... ఈ వేసవి నుంచి ఇద్దరం."

ఆ గొంతు పక్కనే ఇంకెవరో దగ్గారు.

"చెప్పండి... చెప్పండి..."

ఆమె తాళం వేయకుండానే మెట్లు దిగింది.

కంట్రోలర్ తప్పెంతో తేల్చింది మరుసటి ఏడాది వచ్చిన దర్యాప్తు నివేదిక. 2019 మే 6న, ఎండిపోయిన సరస్సు అడుగున చిన్న విమానం దొరికింది. కాక్‌పిట్ గడియారమూ, పైలట్ చేతి గడియారమూ విమానం కూలిన ఒకే నిమిషం దగ్గర ఆగి ఉన్నాయి. మూడూ నలభై ఎనిమిది. అది, ఆ విమానం దిగడానికి అనుమతి కోరిన వేళకు పదిహేడు నిమిషాల ముందు.