పెళ్లినాటి దిమ్మ

వెర్నోల్ మ్యూజియంలో ఆ మధ్యాహ్నం పద్నాలుగు మంది సందర్శకులున్నారు. కొండెక్కి వచ్చిన బూట్ల మీద మంచు ఇంకా కరగలేదు, అప్పుడే అందరూ మూడో గదిలో గాజుపెట్టె చుట్టూ మూగారు. వకుళ వాళ్లను మోచేతులతో తోసుకుంటూ ముందుకొచ్చి, ఆ గాజు మీద రెండు చేతులూ ఆనించింది.

“ఇది నాది. నాకిచ్చెయ్యి ఓడిల్,” అంది.

ఓడిల్ ఆ మ్యూజియం అధికారిణి, వకుళ భర్త మారియుస్‌కి మేనకోడలు. అత్తా అని పిలవడం చిన్నప్పుడు వకుళ నేర్పిందే. “పొద్దుట్నుంచి ఇది మూడోసారి అత్తా. కాలస్తంభిని తెరిస్తే వారసత్వ జాబితాలోంచి మన ఊరి పేరే తీసేస్తారు. నా చేతిలో ఏం లేదు.”

కాలస్తంభిని అన్నది కాగితాల మీది పేరు. జనం నిలుపుపెట్టె అంటారు. దాని లోపల కాలం కదలదు. కాచి పెట్టిన పాలు వారం తర్వాత తీసినా చెయ్యి కాలుతుంది. ప్రతి వంటింట్లోనూ ఒకటుంది గనక ఎండబెట్టుకోవడం, ఊరబెట్టుకోవడం జనం ఏనాడో మరిచిపోయారు. పోయినవాళ్ల కోసం చర్చి పక్క గదిలోనూ ఒకటుంది. దూరాన ఉన్న చుట్టాలు తీరిగ్గా వచ్చాకే ఖననం. మారియుస్ అందులో పడుకుని అయిదు రోజులైంది. ఇవాళ మూడింటికి ఖననం గంట కొడతారు.

మ్యూజియంలోని ఈ గాజుపెట్టె కూడా నిలుపుపెట్టే. ఇందులో నారగుడ్డ చుట్టి ఉన్నది ఒక చీజ్ దిమ్మ. వెర్నోల్‌లో పెళ్లయిన మర్నాడు కొత్త జంట తమ చేతులతో ఒక దిమ్మ చేసి, పైన చెరో అరచెయ్యీ అద్ది, నేలమాళిగలో పెట్టుకుంటారు. వారం వారం ఉప్పు రాసి తిరగేస్తారు. ఇద్దరిలో ఎవరు ముందు పోతే వాళ్ల శవం ముందు దాన్ని కోసి, వచ్చినవాళ్లందరికీ తలో ముక్కా పెట్టాలి. అది పెట్టందే పోయినవాడు గడప దాటలేడని ఇక్కడివాళ్ల నమ్మకం. ఆఖరి క్షణంలో మారియుస్ అడిగిందీ అదే. “మనది కొయ్యి, వకుళా.”

మరి ఆ దిమ్మ మ్యూజియంలోకి ఎలా వచ్చిందంటే, అది వకుళ చేజేతులా చేసుకున్నదే. పెళ్లయి వారం తిరక్కుండానే దాని మీద బూజు కనబడింది. ఆవిడ పాలకొల్లు పిల్లాయె. ఆవకాయ జాడీలో బూజు చూస్తే ఇంటికి అరిష్టమని వాళ్లమ్మ వణికిపోయేది. పెళ్లి దిమ్మకే బూజా అని వకుళ హడలిపోయి, తుడిచి, శుభ్రమైన గుడ్డ చుట్టి, అప్పుడే కొత్తగా నిలుపుపెట్టె తెచ్చుకున్న మ్యూజియానికి సంతకం పెట్టి మరీ అప్పగించింది. “దానికి గాలి కావాలి,” అన్నాడు మారియుస్. ఆవిడ వింటేనా. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆయనెప్పుడూ అంతే.

“నా సంతకమేగా, కొట్టెయ్యి,” అంది వకుళ.

“అలా కుదరదు అత్తా.”

వకుళ అంతమంది చూస్తున్నారన్న సిగ్గయినా లేకుండా ఆ రాతి నేల మీద చతికిలపడింది. “నలభై ఏళ్లలో ఆయన నన్నేమీ అడగలేదే తల్లీ. అడిగింది ఈ ఒక్కటీ. ఇదీ చెయ్యకుండా మట్టిలోకి ఎలా పంపను? నీ కాళ్లు పట్టుకుంటాను.”

అనడమే కాదు, పట్టుకుంది కూడా. తండ్రి లేని ఓడిల్‌ని మోకాలి లోతు మంచులో భుజాన వేసుకుని బడికి మోసినవాడు మారియుస్.  ఓడిల్ వంగి ఆవిణ్ణి లేవదీసి, మెళ్లో ఉన్న తాళంతో పెట్టె తెరిచింది. సందర్శకులు దారిచ్చారు.

మూడింటి గంట మోగేసరికి చర్చి పక్క గదిలో ముప్ఫై మంది చేతుల్లో రొట్టె ముక్కలతో నిలబడి ఉన్నారు. ముందు కోత, ఆ తర్వాతే మారియుస్ ఉన్న నిలుపుపెట్టె తెరవడం. వకుళ నారగుడ్డ విప్పింది. దిమ్మ మీద రెండు అరచేతుల గుర్తులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఇప్పుడే అద్దినట్టున్నాయి. ఆవిడ కత్తి పెట్టింది. వెన్నలో దిగినట్టు దిగిపోయింది.

లోపలంతా తెల్లగా ఉంది. సన్నగా నీరు కారి బల్లంతా తడిసింది. నలభై ఏళ్ల దిమ్మ తేనె రంగుకి తిరిగి, కొయ్యబోతే పెళుసుగా విరుగుతుందని అక్కడ అందరికీ తెలుసు. ఒక్కరూ చెయ్యి చాచలేదు. వకుళ ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఉప్పూ లేదు, పులుపూ లేదు. పెళ్లయిన మర్నాడు పొద్దున పిండిన పాలు, అంతే. పెట్టె బూజుని ఆపింది, దాంతోపాటు మాగడాన్నీ ఆపేసింది. ఆయనతో బతికిన బతుకంతా ఎటు పోయిందో దిమ్మలో మాత్రం లేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఆవిడ తెలుగులో గొణుక్కుంది. అది అక్కడ ఎవరికీ అర్థం కాలేదు.

ఫాదర్ ఆన్సెల్మ్ నిలుపుపెట్టె గొళ్లెం మీద చెయ్యి వేశాడు. “అమ్మా, ఆయన తప్పు పట్టడు. తెరుద్దాం.”

“తెరవకండి,” అంది వకుళ. “ఇది మాగేదాకా ఆయన్ని అందులోనే ఉంచండి.”

ఫాదర్‌ చెయ్యి ఆగిపోయింది. శవాన్ని ఎన్నాళ్లు ఉంచవచ్చో చట్టంలో ఎవరూ రాయలేదు. రాయాల్సిన అవసరం వస్తుందనీ ఎవరూ అనుకోలేదు.

ఓడిల్ దగ్గరికొచ్చి మెల్లగా అంది. “అత్తా, మాగాలంటే మళ్లీ నలభై ఏళ్లు పడుతుంది. నీకిప్పటికే అరవై ఎనిమిది.”

వకుళ కోసిన భాగాన్ని తిరిగి దిమ్మలో దాని చోటనే పెట్టి, మారియుస్ చేతి గుర్తు చెరగకుండా పక్కల నుంచి అదిమింది. నీరు ఆవిడ ముంజేతుల మీదుగా కారింది.

“ఉప్పు తీసుకురా,” అంది.