నలినీబాల చేప మానేసింది

"మా ఆవిడ గాజులు పోయాయమ్మా! తాళం తాళంలానే ఉంది, బీరువా బీరువాలానే ఉంది. చేతికున్నవే లేవు!"

కలకత్తా బాగ్‌బజార్ సందులోని ఆ చిన్న డిటెక్టివ్ ఆఫీసులో కుర్చీలో కూలబడుతూనే ప్రమథనాథ్ భాదురి అన్న మాటలివి. భార్య నలినీబాలకు మతిమరుపు జబ్బు ముదిరిపోయింది. కట్టుకున్న మొగుణ్ణే పోల్చుకోదు. పిల్లల్లేరు. ఆమె నగలు, ఇద్దరి బ్యాంకు ఖాతాలు, అన్నీ ఆయన నెత్తినే. దొంగ ఆయా అల్పనేనని ఆయన అన్న కొడుకు పినాకీ తేల్చేశాడట. సాయంత్రం ఆమెను పోలీసులకు అప్పగించి, బ్యాంకు వ్యవహారాలన్నీ తన చేతిలో పెడుతూ సంతకం చెయ్యమంటున్నాడట.

"అల్పన పక్కన లేకపోతే మా ఆవిడ ముద్ద ముట్టదు. ఆ పిల్ల పోతే మా ఆవిడా నాకు దక్కదు," అంటూ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ ఆఫీసు నడిపే, అందరూ దీదీ అని పిలిచే మృణ్మయీ సన్యాల్ అప్పటికే చెప్పులేసుకుంది. దీదీ ఒక్క ప్రశ్నా అడక్కుండా లేచిందంటే కేసులో పస ఉన్నట్టే. సహాయకుడు నిఖిలేశ్ ఉత్సాహం ఆపుకోలేక మెట్లు రెండేసి చొప్పున దిగాడు.

భాదురి ఇంట్లో మంచం మీద నలినీబాల బోసి చేతులతో కూర్చుని ఉంది. పాపిట్లో సింధూరం లేదు. పక్కన పళ్ళెంలో పులస ముక్క చల్లారిపోతోంది.

"తినలేదేం?" అంది మృణ్మయీ.

"గాజులు పోయిన రోజు నుంచీ చేప తోసేస్తున్నారు దీదీ," అంది అల్పన ఏడుపు గొంతుతో. "పులసంటే ప్రాణం పెట్టే మనిషి! బాబుగారు ముల్లు తీసి పెడుతుంటే పసిపిల్లలా నోరు తెరిచేవారు."

"గాజుల మీద చెయ్యి వెయ్యనిచ్చేవారా?"

"అమ్మో! బంగారం తొడిగిన ఆ ఇనుప గాజు, ముత్తయిదువ గుర్తు కదా, స్కాన్ కోసం తియ్యబోతే నర్సు వేలు కొరికేశారు. 'మొగుడు బతికుండగా తీస్తానా?' అని ఒకటే తిట్లు!"

మృణ్మయీ ఆ మణికట్లు తిప్పి చూసింది. చిన్న గీత కూడా లేదు. వంగి మంచం కింద నుంచి శంఖు గాజుల ముక్కలు తీసింది.

అంతలో పినాకీ వచ్చాడు, నున్నగా గడ్డం గీసుకుని. నలినీబాల భగ్గుమంది. "సిగ్గులేదురా? ఈ పది రోజులూ ఆగలేవూ గడ్డానికి?"

"పిన్నికి పిచ్చి ముదిరింది," అని పినాకీ నవ్వాడు. నిఖిలేశ్‌కూ నవ్వొచ్చింది. దీదీ మొహం చూసి నోరు మూసుకున్నాడు.

"అందరూ కూర్చోండి," అంది మృణ్మయీ. "దొంగకి బంగారం కావాలి. శంఖు గాజులు పగలగొట్టడమెందుకు? సింధూరం తుడవడమెందుకు? ఇక చేప మాన్పించడం ఏ దొంగ తరం?"

నిఖిలేశ్ తలుపు వైపు జరిగాడు. దీదీకి తెలిసిపోయింది!

"ఇవన్నీ ఆవిడే చేసింది. ఇనుప గాజు, శంఖు గాజులు, సింధూరం, చేప, మనలో భర్త పోయిన ఆడది మానేసేవే ఇవన్నీ. భర్త పోయాడని ఎవరో చెప్పారు. ఎదురుగా తిరుగుతున్న ఈయన్ని ఆవిడ పోల్చుకోదుగా! చెప్పినవాడి మాట మరిచిపోయినా దుఃఖం మరిచిపోలేదు. మైలలో గడ్డం గీసుకున్నావని ఈ ఇంట్లో ఒక్కణ్ణే తిట్టింది. పిల్లల్లేని బాబాయికి కర్మ చెయ్యాల్సిన నిన్ను! ఆ మాట చెప్పి గాజులు తీసుకుంది నువ్వే."

"పిచ్చిదాని మాట సాక్ష్యమా?" అన్నాడు పినాకీ.

"అక్కర్లేదు. ముసలావిడ చేతులు విరిచి లాక్కున్నావని పోలీసులకి చెబుతాను."

"నేను లాక్కోలేదు! తనే తీసిచ్చింది!"

అన్నాక నాలిక కరుచుకున్నాడు. నిఖిలేశ్ అప్పటికే తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. గాజులు పినాకీ సంచిలోంచే బయటికొచ్చాయి.

ప్రమథనాథ్ అతని వైపు చూడను కూడా లేదు. సంతకం కోసం పెట్టిన కాగితాలు చించేసి, గాజులు తీసుకుని భార్య ముందు కూర్చున్నాడు.

"నలినీ, నేను బతికే ఉన్నాను."

"మీరెవరండీ?"

ఆయన గాజులు ఆమె ముందు పరిచాడు. "మీ ఆయన స్నేహితుణ్ణి. ఆయన కులాసాగా ఉన్నాడు. చేపల బజారుకెళ్ళాడు. ఈ గాజులు మీకు తొడగమన్నాడు."

ఆమె ఆయన కళ్ళలోకి చాలాసేపు చూసింది. ఇనుప గాజు వైపు చెయ్యి చాచింది. తరువాత పళ్ళెం ఆయన వైపు నెట్టింది.

"ఆయనొచ్చేసరికి పొద్దుపోతుంది. అందాకా మీరు కాస్త ముల్లు తీసి పెట్టండి."