అడగని ఒక్క మనిషి

శనివారం పొద్దున నూలా రొట్టె కోసి వెన్న రాస్తోంది. పదకొండింటికి ఊరి హాల్లో చివరి ఓటు. కొత్త అంటుజబ్బుకి వచ్చిన టీకాలు మూడు వందలు, కావలసినవాళ్లు రెండు వేలు. ఎవరికి ముందివ్వాలో తేల్చమని చీటీలు తీసి ఇరవై మందిని కూర్చోబెట్టారు. చేపల దుకాణం నూలా అందులో ఒకతె. డాక్టర్లు కాదు, నాయకులు కాదు. మామూలు జనం. అలాగే ఉండాలి.

గాల్వే పట్నంలో బస్సు నడిపే కూతురు ఓర్లా, ఆ ఇరవై మంది రాసిన ముసాయిదా కాగితాన్ని బల్లమీద కొట్టింది.

"ఇంటింటికీ తిరిగి రోగుల్ని చూసుకునే సహాయకులకు ముందట! ఊపిరితిత్తులు పాడైన నాన్న మూడో వరసట! అమ్మా, ఇందులో నీ సంతకం ఉంది."

"ఉంది."

"చేపలు తూచినట్టు తూచేశావా నాన్నని?"

"మీ నాన్నకొక తూకం, పక్కింటాయనకొక తూకం పెట్టమంటావా? నూట నలభై మందిని అడిగి రాశామే అది."

"అందులో నాన్న ఉన్నాడా?"

నూలా చేతిలో కత్తి ఆగింది. "ఇంట్లోవాణ్ణి అడిగితే పక్షపాతం అంటారని..."

పొయ్యి పక్క కుర్చీలో నూలా భర్త ఫర్గల్ దగ్గాడు. దగ్గు తగ్గాక అన్నాడు:

"మూడు వారాలుగా వింటున్నా. ఈ ఇంట్లో నా గురించి మాట్లాడతారు, నాతో మాట్లాడరు. రోజూ నాకు స్నానం చేయించే ఈఫా రోజుకి పదకొండిళ్లు తిరుగుతుంది. ఆ పిల్ల పడిపోతే పదకొండు మందిమీ పడిపోతాం. ముందు ఆమెకే ఇవ్వాలి. కానీ నా వంతు వదులుకునేది నేను, నూలా. నువ్వెవరివి?"

ఓర్లా ఏడ్చింది. "నీకేమైనా అయితే నాన్నా?"

"అయితే మీ అమ్మని తిట్టు. ఇప్పుడు బూట్లు తే."

అడక్కుండా పంచితే, ఎంత మంచి పంపకమైనా పెత్తనమే. ఊరంతా తిరిగి అడిగిన నూలాకి అది సొంత వంటింట్లో తెలిసింది. ఆమె ఏప్రాన్‌తో కళ్లు తుడుచుకుంది.

"నాదే తప్పు, ఫర్గల్. ఓటుకి ముందు ఎవరైనా మాట్లాడొచ్చు. మూడేసి నిమిషాలు."

"నాకు ఆరు కావాలి. సగం దగ్గుకే పోతుంది."

ఓర్లా కింద కూర్చుని తండ్రి బూట్ల తాళ్లు బిగించింది. నూలా హాలుకి ఫోన్ చేసింది.

"ఓటు ఆపండి. నూట నలభై ఒకటో మనిషి వస్తున్నాడు. గాలి ఆడేలా తలుపు తెరిచి, పక్కనే కుర్చీ వేయండి."