కుడి అంచు పైన

తెల్లవారేసరికి పెడన ఇళ్ళల్లో యోధురాళ్ళు మేల్కొన్నారు. ప్రతి ఇంటి గోడకూ ఒక జపాను యోధురాలి అచ్చుపటం, దాని కింద అరచేయంత బింబజీవని. ఆ యంత్రం పటంలోని గీతలు చదువుతుంది. నిలబడిన తీరునుంచి, కట్టిన బట్టనుంచి మనిషి స్వభావాన్ని అల్లి, ఆమెను వెలుగుబొమ్మగా గదిలో నిలుపుతుంది. ఊరి ఆడపిల్లలకు కత్తివిద్య నేర్పే గురువు ఆమే. పద్దెనిమిది నిండినవాళ్ళు సముద్రపుదొంగలనుంచి గట్టును కాచే రేవుదళంలో చేరతారు.

ఇన్ని పటాలకూ మూలమైన టేకు అచ్చును చెక్కింది భ్రమరాంబ. ఆమె కూతురు మేదిని ఆ ఉదయమే దళంలో చేరాలి.

మేదిని పైగదిలో సామాను సర్దుకుంటూ ఉండగా, భ్రమరాంబ వెలుగుబొమ్మ ముందు నిలిచింది.

“గురువుగారూ, మొన్న గట్టు మీద దొంగలు ఎక్కువైపోతే దళంలో పాతవాళ్ళందరూ వెనక్కి వచ్చేశారు. మీ దగ్గర నేర్చుకున్న వకుళ ఒక్కతే రాలేదు. పిలుస్తున్నా రాలేదంట. పిల్లలకి వెనకడుగు నేర్పరేంటండీ?”

“నాకు రాదు. చనిపోయినవారికి వెనకడుగుతో పనేమిటి?”

“చనిపోవడమేంటండీ?”

“నా బట్ట చూడు. మా దేశంలో బతికున్నవారు ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకుంటారు. కుడి అంచును పైకి తెచ్చి కట్టేది శవానికి. నన్ను ఇలాగే కట్టి నిలిపారు.”

భ్రమరాంబ పటంలోని అంచులను వేలితో తడిమింది. పాత పటాన్ని ఎదురుగా పెట్టుకుని ఉన్నదున్నట్టు చెక్కింది తను. అలా చెక్కితే అద్దినప్పుడు కుడి ఎడమై బొమ్మ తిరగబడుతుందని తెలియక కాదు. నలభై ఏళ్ళు చీరల అచ్చులే చెక్కిన చెయ్యి అది. పువ్వుకు కుడేమిటి, ఎడమేమిటి అన్నది ఆ ఇంటి మాట. మనిషి పొరపాటును యంత్రం పొరపాటుగా చదవదు, స్వభావంగా చదువుతుంది.

ఆమె బింబజీవనిని ఆర్పేసింది.

“ఏమ్మా, ఆవిడతో తగువేసుకున్నావా?” మేదిని మెట్లు దిగుతూ నవ్వింది. “ఆవిడ చేతిలో కత్తుంది. నీకున్నది ఉలేగా.”

భ్రమరాంబ నవ్వలేదు. జరిగిందంతా చెప్పింది. “నెలరోజులు ఆగవే. కొత్త అచ్చు చెక్కుతాను. మళ్ళీ మొదటినుంచి నేర్చుకుందువుగాని.”

“ఎనిమిదింటికి పడవమ్మా.”

“పోనీ, ఈ అంగీ అన్నా నన్ను సరిగా కట్టనివ్వు.”

దళం అంగీని గురువుగారిలాగే కట్టుకుంది మేదిని. తల్లి ముడి విప్పి, ఎడమ అంచును పైకి తెచ్చి, నడుము దగ్గర బిగించింది. మేదిని కదలకుండా నిలబడింది. కాసేపటికి ఆమె వేళ్ళు వణకసాగాయి. వాటిని తనవి కానట్టు చూసుకుంది. సముద్రం వైపున్న కిటికీని చూసింది, తల్లిని చూసింది.

తర్వాత నెమ్మదిగా ముడి విప్పి, కుడి అంచును పైకి తెచ్చుకుంది. వణుకు ఆగింది.

“అలా కడితే భయమేస్తోందమ్మా,” అని గడప దాటింది.