అక్కర ఉన్నవాడికే చీటీ

2086 నాటికి విశాఖలో అద్దెకిచ్చే ఫ్లాటు కొనాలంటే బ్యాంకు సగమే ఇస్తుంది. మిగతా సగం చీటీలో తేవాలి. మధురవాడ చీటీలో సభ్యులు ఇరవై మంది. నెలకు తలా పది లక్షలు. చీటీ మొత్తం రెండు కోట్లు.

పూర్వం ఎవరు ఎక్కువ తగ్గించి పాడితే చీటీ వాళ్ళదే. అక్కర ఎక్కువున్నవాడే ఎక్కువ నష్టపోయేవాడు. ఆ అన్యాయాన్ని ఆపడానికి డాక్టర్ ఇందుమతి అక్కరమాపకం తయారుచేసింది. చీటీ ఎత్తనివాళ్ళ మణికట్టుకు ఒక పట్టీ కడతారు. నాడి, చెమట, రక్తంలోని ఒత్తిడి హార్మోను కార్టిసాల్ చూసి, చేజారిపోతుందన్న భయం ఎంతుందో అది సున్నా నుంచి వంద వరకు లెక్కగడుతుంది. నాలుగు గంటలకు ఎవరి అంకె పెద్దదైతే వాళ్ళకి మొత్తం సొమ్ము.

మూడో నెల ఒకాయన వేలు నరుక్కుని వచ్చాడు. ఐదో నెల ఒకావిడ మోకాలి చిప్ప పగలగొట్టుకుంది. ఇందుమతి యంత్రాన్ని సవరించింది. నొప్పి ఇక లెక్కలోకి రాదు, భయమొక్కటే.

ఎనిమిదో నెలకు పదమూడు మంది మిగిలారు. ముత్యాలు మాస్టారు మూడున్నరకే హాలుకు వచ్చాడు. అతనికి రెండు ఫ్లాట్లున్నాయి. వాటి అద్దెలు వాటి వాయిదాలకే సరిపోతాయి. మరమ్మతులకని దాచిన నలభై లక్షలు తీసి మూడో ఫ్లాటుకు బయానా ఇచ్చాడు. మర్నాడే మొదటి ఫ్లాటులో పైపు పగిలింది. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేస్తామన్నారు. ఈ సాయంత్రం ఐదులోగా మిగతాది కట్టకపోతే బయానా పోతుంది.

అంకెలు చూపే తెర మీద అందరికన్నా పైన సన్నిబాబుది ఎనభై మూడు. ముత్యాలుది ఎనభై ఒకటి.

“ఏటి మాస్టారూ, రెండు తగ్గారు,” సన్నిబాబు నవ్వాడు. “మునిగిపోడంలో నానే ఫస్టు. సోమారం నా బిల్డింగు యేలానికెళ్తాది. ఒచ్చే నెల మీరే ఎత్తుకుందురు గాని.”

“ఒచ్చే నెలకి నాకేటి మిగుల్తాది బాబూ?”

ముత్యాలు లేచి యంత్రం దగ్గరికి వెళ్ళాడు. “డాక్టరమ్మా, మనిషి సొమ్మసిల్లితే ఇందులో ఎంత చూపిస్తాది?”

“సున్నా.” ఇందుమతి తల ఎత్తలేదు. “స్పృహ లేనివాడికి అక్కరేముంటుంది?”

మూడూ యాభై ఎనిమిదికి ముత్యాలు గోడకున్న నిప్పులార్పే సిలిండర్ తీసుకున్నాడు. సన్నిబాబు టీ తాగుతున్నాడు. మొదటి దెబ్బ తల వెనక పడింది. తెర మీద తొంభై ఐదు. సన్నిబాబు తిరిగి చేతులు అడ్డుపెట్టాడు. రెండో దెబ్బకు ముంజేతి ఎముక విరిగింది. తొంభై తొమ్మిది. మూడోది నుదుటి మీద. సున్నా.

ముత్యాలు సిలిండర్ నేల మీద పెట్టి తెర వైపు చూశాడు. పైన తన పేరే ఉంది. కుర్చీలో కూర్చుని ఊపిరి వదిలాడు. ఎనభై ఒకటి యాభై అయింది. తర్వాత ఇరవై. తర్వాత పన్నెండు.

గంట మోగింది.

“చీటీ నూకరత్నం గారిది,” అంది యంత్రం.

నూకరత్నం పక్క కుర్చీలో ఉంది. అతను వచ్చి పక్కన కూర్చోగానే తర్వాతి దెబ్బ తనకేననుకుంది. ఆమె అంకె తొంభై ఆరు.

“అదేటి! నాకన్నా పైనున్నోడు పడిపోనాడు గదా!” ముత్యాలు అరిచాడు.

ఇందుమతి మోకాళ్ళ మీద కూర్చుని సన్నిబాబు తలకు తన చున్నీ అదిమిపట్టింది. “ఆయన పడగానే మీకు దక్కిందనుకున్నారు మాస్టారూ. మీ అక్కర అక్కడే తీరిపోయింది.”

ముత్యాలు మళ్ళీ సిలిండర్ అందుకోబోయాడు. ఇద్దరు అతన్ని గోడకు అదిమి చేతులు వెనక్కి విరిచారు. అతని అంకె వందకు చేరింది. ఆ యంత్రం మీద వంద కనిపించడం అదే మొదటిసారి. పాట అయిపోయింది.

“అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి!” ఇందుమతి అరిచింది.

ఎవరూ కదలలేదు. అందరూ తెర మీద తమ పేరు ఎక్కడుందో చూసుకుంటున్నారు.

“డాక్టరమ్మా,” వెనక వరస నుంచి ఒకాయన అడిగాడు, “అయితే ఒచ్చే నెలకి పోటీలో పది మందిమే గదా?”